బండిని నిలుపు పట్టకారు

మోటారు బండి చరిత్ర చెప్పువారు సాధారణముగా దాని వేగమును గూర్చియే చెప్పుదురు. ఏ సంవత్సరమున ఏ బండి గంటకు ఎన్ని మైళ్లు పరుగెత్తినదో, ఏ ఇంజనుకు ఎన్ని గుఱ్ఱముల బలము గలదో గ్రంథములలో వివరముగా కాననగును. అంత వేగముతో పోవు బండి, అడ్డముగా పసిబిడ్డ పరుగెత్తి వచ్చినప్పుడు ఎట్లు నిలుచుచున్నదను సంగతి మన దృష్టికి అంతగా రాదు. కారు గలవారు దానిని దినదినము తుడిపింతురు. రంగు మాసినచో క్రొత్త రంగు వేయింతురు. చక్రము వెనుక దాగియున్న బ్రేకును వంగి చూచినవారు కొలదిమందియే.

ఆ బ్రేకులోని కాలిపర్ అను భాగము పాతబడినప్పుడు దానిని విప్పి, శుద్ధిచేసి, మరల పనికి తెచ్చు విద్య యొకటి కలదు. ఆ విద్య ఎట్లు ఏర్పడినదో, ఏ తప్పుల వలన నేర్వబడినదో ఈ ప్రసంగమున విచారింతము. పాత వస్తువును బాగుచేసి వాడుకొనుట మన గృహములకు క్రొత్త గాదు. కాని బాగుచేసిన బిందె కారినచో నేల తడియును. బాగుచేసిన బ్రేకు కారినచో ప్రాణము పోవును. కనుకనే ఈ చరిత్ర తెలిసికొనదగినదని మేము తలచితిమి.

ముందుగా కాలిపర్ అననేమో చూతము. చక్రముతో పాటు తిరుగు ఇనుప పళ్లెము ఒకటి యుండును. దానిని డిస్క్ అందురు. ఆ పళ్లెము అంచును రెండు ప్రక్కల నుండి పట్టి నొక్కు ఇనుప పోతయే కాలిపర్. వంటయింటిలో వేడి గిన్నె అంచును పట్టకారుతో పట్టినట్లే యిదియును పళ్లెమును పట్టును. పట్టకారు కాడలను మనము చేతితో నొక్కుదుము. ఇచ్చట ఆ పనిని ద్రవము చేయును. డ్రైవరు పెడలు త్రొక్కగా బ్రేకు ఆయిలు సన్నని గొట్టము గుండ పోయి, కాలిపరులోని సిలిండరునందు చేరి, పిస్టనును ముందునకు త్రోయును. పిస్టను, రాపిడి పదార్థముతో చేసిన ప్యాడును పళ్లెమునకు అదుమును. పిస్టను చుట్టును సీలు అను రబ్బరు వలయము ఒకటి అమరియుండి, ఆయిలు బయటికి కారకుండ కాచును. చూచుటకు ఇది చాల చిన్నది. మన కథకు మాత్రము ఇదియే కేంద్రము.

డిస్క్ బ్రేకు ఆలోచన మోటారు బండి బాల్యములోనే పుట్టినది. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లో దానికి పేటెంటు పొందెను. ఆనాడు రాగి ముక్కలను ఇనుప పళ్లెమునకు అదుముచుండిరి. బండి నిలిచెడిదే గాని, ఆ రెండు లోహముల రాపిడికి పుట్టు కీచుధ్వని వీధివారి చెవులను బాధించుచుండెను. ధూళియు బురదయు పడి రాగి త్వరగా అరిగిపోవుచుండెను. అదే కాలమున ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును వ్యాప్తికి తెచ్చెను. డోలు వంటి పాత్రలో దాగిన రెండు షూలు లోపలినుండి బయటికి విచ్చుకొని డోలు గోడను రాపాడును. ధూళి పడదు, ధ్వని తక్కువ. లోకము డ్రమ్మునే వరించెను. లాంచెస్టర్ పళ్లెము అర్ధశతాబ్ది పాటు మూలబడెను.

రాపిడి పదార్థము విషయమున ఇంగ్లండులోని డెర్బీషైరుకు చెందిన హెర్బర్ట్ ఫ్రూడ్ చేసిన కృషి చెప్పదగినది. కొండదారులలో బండివాండ్రు పాత బూట్ల అడుగు తోళ్లను బ్రేకు దిమ్మెలకు మేకులతో కొట్టుకొనుట చూచి ఆయనకు ఈ ఆలోచన కలిగినదని చెప్పుదురు. ఆయన 1897లో పని ప్రారంభించి, కొంతకాలమునకు రాతినారతో బ్రేకు లైనింగులు తయారుచేసెను. రాతినార వేడికి కాలదు, చవుక, గట్టిది. శతాబ్దమునకు చేరువగా ప్రపంచమంతయు దానినే వాడినది. ఆ మేలు వెంట వచ్చిన కీడును తరువాత చెప్పుకొందము.

తొలినాళ్ల బ్రేకులు కడ్డీలతోను ఉక్కు తీగలతోను పనిచేయుచుండెను. తీగ ఒక ప్రక్క సాగినచో ఆ ప్రక్క చక్రము సరిగా నిలువదు. బండి వంకరగా లాగును. ఈ లోపమును తీర్చుటకై అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ద్రవముతో పనిచేయు బ్రేకును కనిపెట్టి 1917లో పేటెంటు పొందెను. విమానముల నిర్మాణమున ప్రఖ్యాతుడైన ఆలన్ లాక్‌హీడ్ ఆయనకు సోదరుడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ఈ బ్రేకుతో వెలువడెను. మూసిన గొట్టములోని ద్రవము అన్ని వైపులకును సమానముగా ఒత్తిడిని అందించును గనుక బండి వంకర పోదు. కాని క్రొత్త చిక్కు వచ్చినది. ఆ ద్రవమును ఆపుటకు వాడిన పచ్చితోలు గిన్నెలు కొంతకాలమునకు కారనారంభించెను. 1924లో వెలువడిన క్రైస్లర్ కారు నిర్మాతలు తోలునకు బదులు రబ్బరు గిన్నెలు పెట్టిరి. బ్రేకులోనికి రబ్బరు వచ్చినది అప్పుడే.

రబ్బరు వచ్చుటతో నూనె విషయమున జాగ్రత్త అవసరమయ్యెను. భూమినుండి తీయు ఖనిజ తైలము సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. కనుక ఆనాటి బ్రేకులలో ఆముదమును ఆల్కహాలుతో కలిపి పోయుచుండిరి. ఆముదము రబ్బరునకు హాని చేయదు. జిడ్డు కలది గనుక పిస్టను కదలికకు తోడ్పడును. మన పాలమూరు, నల్లగొండ ప్రాంతముల మెట్టభూములలో రైతులు తరతరములుగా పండించు పంట సీమ మోటారు బండ్లను సైతము నిలిపినదని తెలిసినప్పుడు, శ్రోతలకు కొంత సంతోషము కలుగకపోదు. తరువాత ఆముదము స్థానమున గ్లైకాల్ జాతి కృత్రిమ ద్రవములు వచ్చెను. వీనికి వేడిని తాళు శక్తి ఎక్కువ. అయినను ఒక అవలక్షణము కలదు: గాలిలోని తేమను ఇవి పీల్చుకొనును.

ఇక రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలమునకు వత్తము. బండ్ల బరువును వేగమును పెరిగెను. పొడవైన కొండదిగుడులలో డ్రమ్ము లోపల పుట్టిన వేడి బయటికి పోలేక, పెడలు ఎంత త్రొక్కినను బ్రేకు పట్టని స్థితి ఏర్పడుచుండెను. డిస్క్ అట్లు గాక బయటి గాలిలో తిరుగుచుండును గనుక త్వరగా చల్లారును. విమానములు నేలకు దిగునప్పుడు వాని చక్రములను ఆపుటకు అప్పటికే డిస్క్ బ్రేకులు వాడుకలోనికి వచ్చియుండెను. దానిని కారునకు తెచ్చిన తొలివారిలో రేడియో శ్రోతలు ఎరుగదగిన వ్యక్తి యొకడు గలడు. అమెరికాలోని సిన్సినాటి నగరమున పవల్ క్రాస్లీ 1920లలో చవుక రేడియోలను తయారుచేసి సామాన్యుల ఇండ్లలో చేర్చినవాడు. ఆయన నెలకొల్పిన డబ్ల్యు.ఎల్.డబ్ల్యు. ప్రసార కేంద్రము 1934లో 5 లక్షల వాట్ల శక్తితో ప్రసారములు జరిపినది. ఆయనయే తరువాత చిన్న కార్లు నిర్మించి, 1949లో వెలువడిన హాట్‌షాట్ అను కారునకు నాలుగు చక్రములకును డిస్క్ బ్రేకులు అమర్చెను.

ఆలోచన మంచిదే. కాని శీతకాలమున మంచు కరగుటకై ఆ దేశమున రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పునీరు చిమ్మి కాలిపర్లపై పడగా, లోహము త్వరలోనే చివికి, భాగములు బిగిసిపోయెను. పట్టిన బ్రేకు వదలకుండెను. కొన్నవారిలో అనేకులు వానిని తీసివేయించి మరల డ్రమ్ములు వేయించుకొనిరి. నిర్మాతయు 1950లో ఆ బ్రేకును విరమించెను. వేడి సమస్యను తీర్చిన కాలిపరునకు తుప్పు శత్రువని మొదట తెలిసినది ఆ నష్టము వలననే.

ఇంగ్లండులో డన్‌లప్ సంస్థయు జాగ్వార్ సంస్థయు కలిసి ఈ పనిని ఓర్పుతో సాగించెను. నార్మన్ డ్యూయిస్ అను పరీక్షకుడు ఆ బండ్లను వేల మైళ్లు నడిపి లోపములను పట్టుకొనెను. 1952లో ఫ్రాన్సులోని రైంస్ పందెమున స్టిర్లింగ్ మాస్ డిస్క్ బ్రేకులున్న జాగ్వారుతో గెలిచెను. మరుసటి యేడు లె మాన్ నగరమున జరిగిన 24 గంటల పందెమున టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అనువారు గెలువగా, సగటు వేగము ఆ పందెపు చరిత్రలో మొదటిసారిగా గంటకు 100 మైళ్లు దాటినది. ఇంజను బలము ఒక్కటే ఇందుకు కారణము గాదు. మలుపు దగ్గరకు వచ్చువరకు వేగము తగ్గింపకుండ పోయి, అచ్చట నమ్మకముతో బ్రేకు వేయగలుగుట ముఖ్య కారణము. 1955లో ఫ్రెంచి సిట్రొయెన్ డి.యస్. కారును, 1956లో ఇంగ్లండు ట్రయంఫ్ టి.ఆర్.3 కారును ముందు చక్రములకు డిస్కులతో సామాన్యుల అందుబాటులోనికి వచ్చెను. మన దేశమున 1957లో వెలువడిన అంబాసిడర్ కారునకు అప్పుడు డ్రమ్ములే యుండెను. 1962లో టి.వి.యస్. వారును ఇంగ్లండు లూకాస్ వారును కలిసి మద్రాసులో బ్రేక్స్ ఇండియా సంస్థను స్థాపించుటతో బ్రేకుల నిర్మాణము దక్షిణ దేశమున వేళ్లూనెను.

ఆ తొలి తరపు కాలిపర్లు పది పదిహేనేండ్లు పనిచేసిన పిమ్మట వాని వార్ధక్యమును చూచుట తటస్థించినది. వెలుపలినుండి ఉప్పునీరు చేయు హానిని క్రాస్లీ కారు చూపెను. లోపలినుండి బ్రేకు ఆయిలు కూడ అదే పని చేయునని ఇప్పుడు తేలినది. రబ్బరు గొట్టముల గోడల గుండ, ఆయిలు డబ్బా మూత గుండ తేమ మెల్లగా లోనికి చేరును. డాట్ 4 అను తరగతి ఆయిలు క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదు, నూటికి 3.7 పాళ్లు నీరు చేరినదానికి ఆ హద్దు 155 డిగ్రీలు మాత్రమే. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు ఏర్పడును. ఆవిరి నొక్కిన కొలది కుంచించుకొనును గనుక పెడలు నేలకంటును గాని బండి నిలువదు. మరుగుట అటుండగా, ఆ నీరే సిలిండరు గోడలను తుప్పు పట్టించి, సన్నని గుంటలు చేయును.

ఈ గుంటలు ఎచ్చట పడినచో ప్రమాదమనుట సీలు అమరికను బట్టి యుండును. గర్లింగ్ వంటి కాలిపర్లలో సీలు సిలిండరు గోడలోని గాడిలో కదలక కూర్చుండును; పిస్టను దాని గుండ జారును. కనుక పిస్టను ఉపరితలము నున్నగా నుండవలెను. గుంటలు పడినచో పిస్టనును మార్చినచో చాలును. వేరొక రకమున సీలు పిస్టను మీదనే యుండి, దానితో పాటు సిలిండరు గోడపై జారును. అట్టిచో గోడయే నున్నగా నుండవలెను. గోడకు గుంటలు పడినచో ఇనుప పోత మొత్తము వ్యర్థమని మొదట భావించిరి.

1965లో అమెరికాలో వెలువడిన షెవ్రొలే కార్వెట్ కారు ఈ రెండవ రకమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము. దానికి చక్రమునకు నాలుగేసి చొప్పున 16 పిస్టనులు; సిలిండర్లు పోత ఇనుమువి. దినము నడచు బండ్లకంటె, ప్రియముగా దాచుకొని ఎప్పుడో ఒక ఆదివారము బయటికి తీయు బండ్లే ముందుగా చెడెను. పిస్టను కదలక ఒకేచోట నిలిచియుండగా దాని ప్రక్కనే గోడ తుప్పు పట్టును, తిరిగి కదలినప్పుడు సీలు పెదవి ఆ గుంటల మీదుగా పోవును, ఆయిలు కారును. క్రొత్త సీలు వేసినను కొలది నెలలకే మరల అదే కథ. 1970లలో కొందరు పనివారు దీనికి పరిష్కారము కనుగొనిరి. సిలిండరును లేత్ పనితో కొంచెము పెద్దదిగా తొలిచి, తుప్పు పట్టని ఉక్కు గొట్టమును లోపల బిగించి, సరియైన కొలతకు నునుపు చేసిరి. పారవేయవలసిన పోత మొదటికంటె దృఢమైనదయ్యెను. ఆ రీతి కాలిపర్లు ఆ కారునకు 1982 వరకు వచ్చెను గనుక ఈ పని ఒక ప్రత్యేక వృత్తిగా నిలిచినది. ఇతర దేశముల పాత కార్లకును ప్రాకినది.

ఈ విధముగా అనుభవమున స్థిరపడిన పనిముట్టు క్రమమును సంగ్రహముగా చెప్పుదుము. పాత కాలిపర్ నుండి పిస్టనును గాలి ఒత్తిడితో బయటికి తీయుదురు. అది తుపాకి గుండువలె దూకగలదు గనుక ఎదుట కొయ్యముక్క నుంచవలెను, వ్రేళ్లు పెట్టరాదు. పాత సీలును తిరిగి వాడరాదు. గాడిలో పేరుకొనిన తుప్పును పూర్తిగా తొలగింపవలెను. గాడి అడుగున తుప్పు మిగిలినచో అది సీలును పిస్టనుపైకి నెట్టును, పిస్టను వెనుకకు రాక, ప్యాడు పళ్లెమును రాపాడుచునే యుండును, చక్రము వేడెక్కును. ఆ సీలు కొలదిగా మెలిదిరిగి మరల యథాస్థితికి వచ్చుట చేతనే పిస్టను వెనుకకు వచ్చుచున్నదను సంగతి తెలియనివారు, గాడి శుద్ధిని తేలికగా చూచెదరు.

శుద్ధికి స్పిరిటు గాని బ్రేకు ఆయిలు గాని వాడవలెను. పెట్రోలు, కిరసనాయిలు, సాధారణ గ్రీజు తగులరాదు. తగిలినచో రబ్బరు ఉబ్బును. ఈ విషయమున సిట్రొయెన్ చరిత్ర హెచ్చరిక వంటిది. తేమ పీల్చు ఎఱ్ఱని ద్రవము వలన తుప్పు బాధ పడలేక, ఆ సంస్థ 1966లో ఆకుపచ్చని ఖనిజ తైలమునకు మారినది. దానికి తగిన రబ్బరును వేరుగా వాడినది. ఎఱ్ఱ బండిలో పచ్చ నూనె పోసినను, పచ్చ బండిలో ఎఱ్ఱ ద్రవము పోసినను సీలులన్నియు చెడును. రెండు సగములుగా బిగించిన కాలిపర్లను విడదీయరాదని అనేక నిర్మాతలు తమ పుస్తకములలో వ్రాసిరి. బిగించునప్పుడు కుడిదానిని ఎడమకు, ఎడమదానిని కుడికి మార్చరాదు. గాలి తీయు మర పై భాగమున నుండవలెను. క్రిందికి పోయినచో బుడగ పైననే నిలిచిపోవును. మనిషి ఎంతసేపు పెడలు త్రొక్కినను గాలి బయటికి రాదు.

లోపలి పని ఇట్లు ముగిసిన తరువాతనే పై మెరుగు. తొలినాటి కాలిపర్లలో అనేకములకు కాడ్మియం గాని జింకు గాని పూత వేసి, దానిపై క్రోమేటు ద్రావకముతో లేత బంగారు వర్ణము తెచ్చుచుండిరి. అది అందమునకు మాత్రమే గాదు, తుప్పును ఆపుటకు. కాడ్మియము, ఆ క్రోమియము రెండును విషపదార్థములు. 2000లో ఐరోపా సమాజము చేసిన శాసనము క్రొత్త బండ్లలో వీనిని క్రమముగా నిషేధించెను. నేడు విషము లేని జింకు పూతయు, వేడిని తాళు రంగులును వాడుచున్నారు. పొడిరంగు వేసి దాదాపు 200 డిగ్రీల వేడిలో కాల్చు పద్ధతియు కలదు. ఆ పనిని సీలులు అమర్చుటకు ముందే ముగింపవలెను. పిస్టను జారు చోటను, ప్యాడు కదలు చోటను రంగు పడరాదు.

రాతినార కీడును చెప్పెదమంటిమి. దాని సన్నని నారలు ఊపిరితిత్తులలో చేరి, ఏండ్ల తరువాత మాన్పరాని వ్యాధులను కలిగించును. బ్రేకు దుమ్మును గాలితో ఊది శుభ్రపరచిన మెకానికులు ఈ సంగతి ఎరుగక పీల్చిరి. బ్రిటన్ 1999లోను, ఐరోపా సమాజము 2005 నాటికిని దానిని నిషేధించెను. పాత బండి విప్పువాడు నేటికిని ఆ దుమ్మును ఊదక, తడిపి తుడువవలెను.

ఇన్ని సంగతులు తెలిసిన పిమ్మట బజారులో ఎఱ్ఱగానో పసుపుపచ్చగానో మెరయు పాత కాలిపర్లను చూచినప్పుడు మనకు కొంత వివేకము కలుగును. లోపలి పని చేయక పై రంగు మాత్రము వేసినది పైన పటారము, లోన లొటారము అన్న సామెతకు తగినది. రంగు కన్నులకు కనబడును. సీలు గాడి కనబడదు. కనుక కొనువారు రంగును గూర్చి గాక, సీలు క్రొత్తదా, పిస్టను మార్చిరా, గోడను పరీక్షించిరా, ఒత్తిడి పెట్టి చూచిరా అని అడుగవలెను. నిజాయితీ గల పనివాడు ఈ ప్రశ్నలకు విసుగుకొనడు.

విద్యుత్తుతో నడచు నేటి కార్లలో వేగము తగ్గించు పనిని చాలవరకు మోటారే చేయుచున్నది. కాలిపరునకు పని తగ్గినది. పని తగ్గిన కాలిపర్ తుప్పు పట్టి బిగిసిపోవుట మరల వినవచ్చుచున్నది. క్రాస్లీ నేర్చిన పాఠమే, కార్వెట్ యజమానులు నేర్చిన పాఠమే క్రొత్త రూపమున తిరిగి వచ్చినది. నడచుచున్న దానికంటె నిలిచిన దానికే తుప్పు ముందుగా పట్టును. ఇనుప పోత రెండు తరములు మన్నును. దానిలోని రబ్బరు వలయమును, చారెడు ఆయిలును కాలము కాలమునకు మార్చినవాడే దానిని మన్నింపజేయును. మీ ఇంట కారున్నచో, దానికి బ్రేకు ఆయిలు మార్చి ఎన్నేండ్లయినదో ఈ సాయంకాలము ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు.